అప్‌డేట్ కొట్టాక యాప్‌లు మొరాయిస్తే ట్యాబ్లెట్‌ని వెనక్కి తిప్పగలమా?

2012లో గూగుల్, ఆసుస్ కలిసి తెచ్చిన నెక్సస్ 7 వాడినవాళ్ళకి దాని మంచి రోజులతో పాటు చివరి రోజులు కూడా గుర్తుండే ఉంటాయి. అమెరికాలో 199 డాలర్లు, టెగ్రా 3 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. ఆండ్రాయిడ్ జెల్లీబీన్ వెర్షన్‌తో వచ్చి కిట్‌క్యాట్ వెర్షన్ దాకా బండి బాగానే లాక్కొచ్చింది. 2014 నవంబరులో లాలీపాప్ అప్‌డేట్ వచ్చాక మాత్రం కథ మారిపోయింది. కీబోర్డ్ పైకి రావడానికే సెకన్లు పట్టేది, ఒక యాప్ తెరిస్తే వెనకున్నది చచ్చిపోయేది, బ్రౌజర్‌లో రెండో ట్యాబ్ తెరవాలంటే భయం వేసేది. అప్పుడు చాలామంది చేసిన పని ఏంటంటే, గూగుల్ తన సైట్లోనే అందరికీ పెట్టిన కిట్‌క్యాట్ 4.4.4 ఫ్యాక్టరీ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్) దించుకుని, ట్యాబ్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి, బూట్‌లోడర్ (ట్యాబ్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి, ఫ్లాష్-ఆల్ అనే చిన్న స్క్రిప్ట్ నడిపించి పాత వెర్షన్‌కి వచ్చేశారు. లోపలున్న డేటా మొత్తం పోయేది, అది నిజమే. కానీ ట్యాబ్ మళ్ళీ వాడుకునేలా అయ్యేది, ఎవరినీ అనుమతి అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు మామూలు మనిషి కొనే ట్యాబ్లెట్లలో చాలావాటికి ఆ దారి లేదు. ఐప్యాడ్‌కైతే దాదాపు పూర్తిగా మూసేశారు, శాంసంగ్‌లో సగం తెరిచి ఉంటుంది, మిగతా కంపెనీల సంగతి మోడల్‌ని బట్టి. అయినా "అప్‌డేట్ తర్వాత ఫలానా యాప్ ఓపెన్ కావట్లేదు, పాత వెర్షన్‌కి ఎలా వెళ్ళాలి" అని అడిగేవాళ్ళు తగ్గలేదు. ఆ ప్రశ్నలోనే ఒక తికమక ఉంది. అప్‌డేట్ అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి మూడు నాలుగు వేర్వేరు చోట్ల జరుగుతుంది, వాటిలో కొన్నిటిని రెండు నిమిషాల్లో వెనక్కి తీసుకోవచ్చు, కొన్నిటిని అసలు తీసుకోలేం. జనం ఎక్కువగా తీసుకోలేని దానితోనే మొదలుపెట్టి రోజంతా తల బద్దలు కొట్టుకుంటారు.

తప్పు ఎక్కడ జరిగిందో ముందు తేల్చుకోవాలి

2021 మార్చి 22, 23 తేదీల్లో ప్రపంచవ్యాప్తంగా ఆండ్రాయిడ్ ఫోన్లలో, ట్యాబ్లెట్లలో జీమెయిల్ లాంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోవడం మొదలైంది. ఎవరూ సిస్టమ్ అప్‌డేట్ నొక్కలేదు. చాలామంది ఆ యాప్‌లనే తీసేసి మళ్ళీ వేసుకున్నారు, కొందరు ఏకంగా ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్ళారు. అసలు దొంగ ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ. పేరుకి సిస్టమ్ అని ఉన్నా అది ప్లే స్టోర్ ద్వారా చడీచప్పుడు లేకుండా తనంతట తానే అప్‌డేట్ అయ్యే భాగం. యాప్‌ల లోపల వెబ్ పేజీ చూపించాల్సిన ప్రతిచోటా, అంటే లాగిన్ స్క్రీన్లు, ప్రకటనలు, పేమెంట్ పేజీలు, మెయిల్ లోపలి మ్యాటరు, వీటన్నిటినీ గీసేది అదే. అది పడిపోతే దాని మీద ఆధారపడ్డ యాప్‌లన్నీ వరసపెట్టి పడిపోతాయి. గూగుల్ ఒక రోజులోపే 89.0.4389.105 వెర్షన్ వదిలి సరిచేసింది. ఆ లోపు పనిచేసిన చిట్కా ఒక్కటే, వెబ్‌వ్యూకి వచ్చిన అప్‌డేట్‌ని తీసేయడం.

ఆ పని ఇప్పటికీ అలాగే చేయొచ్చు. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి, పైనున్న మూడు చుక్కలు గానీ ఫిల్టర్ గుర్తు గానీ నొక్కి సిస్టమ్ యాప్స్ కూడా చూపించమంటే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ కనిపిస్తుంది. దాన్ని తెరిచి మళ్ళీ మూడు చుక్కలు నొక్కితే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" అని ఉంటుంది. నొక్కగానే ట్యాబ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడో, చివరి సిస్టమ్ అప్‌డేట్‌తోనో వచ్చిన వెర్షన్‌కి అది వెళ్ళిపోతుంది, తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేయాలి. ఆండ్రాయిడ్ 7, 8, 9 నడిచే పాత ట్యాబ్లెట్లలో వెబ్‌వ్యూ పనిని క్రోమే చేస్తుంది కాబట్టి అక్కడ క్రోమ్ అప్‌డేట్స్ తీసేయాలి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఒకటుంది: ప్లే స్టోర్‌లో దాని పేజీకి వెళ్ళి ఆటో అప్‌డేట్ టిక్ తీసేయకపోతే రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకున్నప్పుడు అదే పాడు వెర్షన్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. నాలుగైదు రోజులకి సరైన వెర్షన్ వచ్చాక ఆ టిక్ మళ్ళీ పెట్టడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే వెబ్‌వ్యూ భద్రతా లోపాలకి నిలయం, పాతదాంతో నెలల తరబడి ఉండకూడదు.

సిస్టమ్ అప్‌డేట్ అయిన రోజే యాప్ పాడైతే తప్పు సిస్టమ్‌దే అనుకోవడం సహజం, కానీ ట్యాబ్ పెద్ద అప్‌డేట్ తర్వాత రీస్టార్ట్ అయ్యి వైఫైలో ఉండగానే ప్లే స్టోర్ కూడా పెండింగ్ ఉన్న యాప్‌లన్నిటినీ దించుకుంటుంది. ఒకే సాయంత్రం రెండూ మారిపోతాయి. అందుకని మొదట చూడాల్సింది, చెడింది ఒక్క యాపా, చాలా యాప్‌లా అని. ఒక్కటే అయితే ఆ యాప్ కొత్త వెర్షన్‌దో దాని డేటాదో తప్పు. ఒకే రకం పనిచేసే యాప్‌లన్నీ, ఉదాహరణకి లాగిన్ పేజీ దగ్గర ఆగిపోయేవన్నీ అయితే వెబ్‌వ్యూ. సంబంధం లేని యాప్‌లు కూడా పోతుంటే అప్పుడు సిస్టమ్ వైపు చూడాలి. సేఫ్ మోడ్‌లో పెట్టి చూస్తే మనం వేసుకున్న యాప్‌లన్నీ ఆగిపోయి ట్యాబ్‌తో వచ్చినవి మాత్రమే నడుస్తాయి. అక్కడ అంతా సాఫీగా ఉంటే సిస్టమ్‌ని నిందించే ముందు ఒక్కసారి ఆలోచించాలి, హోమ్ స్క్రీన్‌ని మార్చే ఏదో లాంచరో, యాడ్ బ్లాకరో, స్క్రీన్ మీద తేలే బుడగలు చూపించే యాపో కొత్త వెర్షన్‌తో పొసగక మిగతావాటిని కూడా లాగేస్తుండొచ్చు.

శాంసంగ్ ట్యాబ్‌లలో ఇంకో మెట్టు ఉంది, పెద్దగా ఎవరూ చెప్పరు. ట్యాబ్ ఆపేసి రికవరీ అనే మరమ్మతు మెనూలోకి వెళ్తే వైప్ క్యాష్ పార్టిషన్ అని, కొత్త వాటిలో రిపేర్ యాప్స్ అని ఉంటాయి. డేటా జోలికి పోవు. అప్‌డేట్ తర్వాత పాత క్యాష్ (తాత్కాలిక ఫైళ్ళు) మిగిలిపోయి వచ్చే తలనొప్పులు చాలావరకు ఈ రెండిటితో పోతాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి శాంసంగ్ వాటిలో రికవరీలోకి వెళ్ళాలంటే కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలించి ఉండాలి. ఇది తెలియక బటన్లు పాడైపోయాయేమో అని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేవాళ్ళు ఉన్నారు.

యాప్‌ని మాత్రమే వెనక్కి తీసుకెళ్ళడం

తప్పు యాప్ కొత్త వెర్షన్‌దే అని తేలితే, ఆండ్రాయిడ్‌లో పాత ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) దొరికితే వేసుకోవచ్చు. కానీ ఉన్నదాని మీదే పాతది వేస్తానంటే ఒప్పుకోదు. ప్రతి యాప్‌కి లోపల ఒక వెర్షన్ కోడ్ ఉంటుంది, అది తగ్గితే ఇన్‌స్టాలర్ తిప్పికొడుతుంది. ఉన్నదాన్ని తీసేసి పాతది వేయాలి, తీసేస్తే డేటా పోతుంది. కంప్యూటర్ కమాండ్లతో డేటా ఉంచి యాప్ మాత్రమే దించుదామని తెలివి చూపించేవాళ్ళకి ఇంకో గండం ఉంటుంది. యాప్ తన సమాచారాన్ని దాచుకునే డేటాబేస్‌కి కూడా వెర్షన్ ఉంటుంది, కొత్త యాప్ మొదటిసారి తెరవగానే దాన్ని కొత్త రూపంలోకి మార్చేస్తుంది. పాత యాప్ తిరిగొచ్చి ఆ డేటాబేస్ తెరిస్తే, ఆండ్రాయిడ్ ఇచ్చే డేటాబేస్ లైబ్రరీ డిఫాల్ట్‌గా చేసే పని ఎర్రర్ పారేసి ఆగిపోవడమే. కింది వెర్షన్‌కి ఎలా రావాలో డెవలపర్ విడిగా రాసి ఉండాలి, ఆ ఓపిక చాలా కొద్దిమందికి ఉంటుంది. గూగుల్ ఖాతాలోని బ్యాకప్ కూడా అంతే, కొత్త వెర్షన్ యాప్ తీసిన బ్యాకప్‌ని పాత వెర్షన్‌లోకి పోయడానికి సిస్టమ్ మామూలుగా ఒప్పుకోదు.

ఏపీకేలు ఇచ్చే సైట్ల గురించి రెండు మాటలు. పాత యాప్ అసలు డెవలపర్ డిజిటల్ సంతకంతోనే ఉంటే ఫర్వాలేదు, సంతకం మారిందంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌ల పాత వెర్షన్ల కోసం అలా వెతకడం మాత్రం అస్సలు వద్దు, దొరికినా చాలావరకు సర్వర్ వైపు నుంచే పాత వెర్షన్‌ని ఆపేస్తారు.

ఐప్యాడ్‌లో ఈ మెట్టే లేదు. యాప్ స్టోర్ ఎప్పుడూ కొత్తదే ఇస్తుంది, ఒక్క మినహాయింపు ఏంటంటే పాత ఐప్యాడ్‌కి కొత్త యాప్ సరిపడకపోతే దానికి చివరిగా సరిపడిన వెర్షన్ ఇస్తానంటుంది. 2013 నుంచి ఈ సౌకర్యం ఉంది, ఇంట్లో మూలనపడ్డ పాత ఐప్యాడ్‌ల పాలిట అది పెద్ద వరం. కొత్త ఐప్యాడ్‌ఓఎస్ మీద ఉండి పాత యాప్ కావాలంటే మాత్రం డెవలపర్ సరిచేసిందాకా ఎదురుచూడడమే.

సిస్టమ్ దగ్గర తలుపు ఎందుకు మూసేశారు

ఐప్యాడ్‌లో సిస్టమ్ వేసే ప్రతిసారీ యాపిల్ సర్వర్ అనుమతి కావాలి. ఫర్మ్‌వేర్ (సిస్టమ్) ఫైల్ మన కంప్యూటర్‌లో ఉన్నా సరే, రీస్టోర్ నొక్కగానే ఆ ఐప్యాడ్ చిప్‌కి మాత్రమే ఉండే నంబరు, వేయబోయే ఫర్మ్‌వేర్ వివరాలు, ఆ క్షణానికి పుట్టించిన ఒక యాదృచ్ఛిక సంఖ్య కలిపి యాపిల్‌కి వెళ్తాయి. ఆ వెర్షన్‌కి ఇంకా సంతకం పెడుతుంటే సంతకం తిరిగొస్తుంది, లేదంటే 3194 లాంటి ఎర్రర్ వస్తుంది. కొత్త వెర్షన్ వచ్చాక సాధారణంగా ఒకటి రెండు వారాల్లో పాతదానికి సంతకం ఆపేస్తారు. ఆ యాదృచ్ఛిక సంఖ్య పెట్టింది కూడా, ఒకప్పుడు జనం పాత సంతకాలు దాచుకుని తర్వాత వాడుకునేవాళ్ళు, దాన్ని ఆపడానికే. అంటే ఐప్యాడ్‌కి వెనక్కి వెళ్ళే అవకాశం ఉంటే ఆ మొదటి కొన్ని రోజుల్లోనే, అది కూడా బ్యాకప్ విషయంలో ఒక మెలికతో. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు. అప్‌డేట్‌కి ముందు కంప్యూటర్‌లో తీసిన బ్యాకప్ లేకపోతే వెనక్కి వెళ్ళినా ఖాళీ ఐప్యాడ్‌తో మిగులుతాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

దీని ఫలితం 2017 సెప్టెంబరులో గట్టిగా తెలిసింది. అప్పట్లో ఐప్యాడ్‌లలోనూ నడిచిన ఐఓఎస్ 11 వచ్చి పాత తరహా 32-బిట్ యాప్‌లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. పిల్లల ఆటలు, డబ్బులు పెట్టి కొన్న సంగీతం యాప్‌లు, డెవలపర్ వదిలేసి వెళ్ళిపోయిన చిన్న చిన్న పనిముట్లు, ఐకాన్ ఉంటుంది కానీ నొక్కితే డెవలపర్ అప్‌డేట్ చేయాలి అన్న సందేశం. ఇది బగ్ కాదు, కావాలని తీసుకున్న నిర్ణయం, 10.3 వెర్షన్ నుంచే హెచ్చరికలు కూడా చూపించారు. కానీ ఆ యాప్ తనకెంత ముఖ్యమో అప్‌డేట్ కొట్టాక గుర్తొచ్చినవాడికి వెనకదారి కొద్ది రోజుల్లోనే మూసుకుపోయింది.

ఆండ్రాయిడ్ వైపు తలుపు వేరే రకంగా మూశారు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన వెరిఫైడ్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్ అసలైనదేనా అని చూసే ఏర్పాటు) కొత్త రూపంలో, ప్రతి సిస్టమ్ ఇమేజ్ లోపలా ఒక రోల్‌బ్యాక్ సంఖ్య ఉంటుంది, అదే సంఖ్యకి ఒక కాపీ ట్యాబ్‌లో ఎవరూ సులువుగా చెరపలేని చోట ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఇమేజ్‌లో ఉన్న సంఖ్య తక్కువైతే లోపలికి రానివ్వదు. కంపెనీ సంతకం ఉన్న అసలైన పాత ఫర్మ్‌వేర్‌ని ఎందుకు ఆపాలి అంటే, ఆ సంతకమే సమస్య కాబట్టి. పాత వెర్షన్‌లో ఒక పెద్ద రంధ్రం బయటపడిందనుకోండి, కంపెనీ కొత్తదాంట్లో పూడ్చింది. ట్యాబ్ కొట్టేసినవాడు ఆ పాత వెర్షన్‌నే, నూటికి నూరుపాళ్ళు అసలైన సంతకంతో, తిరిగి వేసి ఆ రంధ్రంలోంచే లోపలికి దూరగలిగితే పూడ్చి ఏం లాభం? 2022 ఆగస్టులో పిక్సెల్ 6 ఫోన్లకి ఆండ్రాయిడ్ 13 ఇస్తూ గూగుల్ ఇదే పని చేసింది, ఇక ఆండ్రాయిడ్ 12కి తిరిగి వెళ్ళలేరని ముందే చెప్పింది. ఫ్యాక్టరీ ఇమేజ్‌లు బహిరంగంగా పెట్టే గూగులే ఈ తలుపు వేసిందంటే కారణం గట్టిదే అనుకోవాలి.

ఇంకో సంగతి లోతుగా ఉంటుంది. లాక్ స్క్రీన్‌కి, వేలిముద్రకి, బ్యాంకు యాప్‌లకి వాడే రహస్య తాళాలు ట్యాబ్‌లో సిస్టమ్ వెర్షన్‌కీ భద్రతా ప్యాచ్ నెలకీ ముడిపడి ఉంటాయి. వెర్షన్ పైకి వెళ్తే తాళాలు కూడా పైకి మారతాయి, కిందికి రావు. అందుకే ఎలాగోలా పాత సిస్టమ్ వేసినా డేటా ఉంచి వేయడం కుదరదు, మొత్తం తుడిచిపెట్టాల్సిందే. "డేటా పోకుండా డౌన్‌గ్రేడ్" అని టైటిల్ పెట్టే వీడియోలు చూసి టైమ్ వేస్ట్ చేసుకునేముందు ఇది గుర్తుంచుకుంటే చాలు.

కొంచెం చదువుకున్నవాళ్ళు ఇక్కడ ఒక మంచి ప్రశ్న అడుగుతారు, ఆండ్రాయిడ్ 7 నుంచి సిస్టమ్‌ని ఉంచడానికి ఏ, బీ అని రెండు స్లాట్లు ఉన్నాయి కదా, కొత్తది ఒకదాంట్లో వేసినప్పుడు పాతది రెండోదాంట్లో అలాగే ఉంటుంది కదా, అందులోకి వెళ్తే సరిపోదా అని. ఆ ఏర్పాటు ఉన్నది కొత్తది అసలు బూట్ కాకపోతే తనంతట తాను పాతదానికి పడిపోవడానికి. ఒకసారి కొత్తది సక్రమంగా లేచిందని సిస్టమ్ గుర్తు పెట్టుకున్నాక ఆ వాడుక అయిపోయినట్టే. ఆండ్రాయిడ్ 11 నుంచి వచ్చిన వర్చువల్ పద్ధతిలో అయితే రెండు పూర్తి కాపీలు కూడా ఉండవు, మార్పులు మాత్రమే పక్కన దాచి, బూట్ అయ్యాక వాటిని అసలుదానిలో కలిపేస్తుంది, కలిపాక పాతది భౌతికంగానే లేదు. లేచింది కానీ మీకు కావాల్సిన యాప్ నడవట్లేదు అన్నది దాని లెక్కలో వైఫల్యమే కాదు.

శాంసంగ్‌లో సగం తెరిచిన తలుపు

మన దగ్గర ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్ అంటే చాలా ఇళ్ళల్లో శాంసంగే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సెట్టింగ్స్‌లో అబౌట్ ట్యాబ్లెట్, సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్‌కి వెళ్తే బిల్డ్ నంబర్ కనిపిస్తుంది. దాని తోక చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోతుంది. ఉదాహరణకి తోక "యూ3సీవీజీ2" అని ఉందనుకోండి. చివర్నుంచి ఐదో స్థానంలో ఉన్న 3 బైనరీ వెర్షన్, బూట్‌లోడర్ మెట్టు అన్నమాట. తర్వాతి సీ పెద్ద వెర్షన్ మార్పు, వీ అంటే 2022, జీ అంటే ఏడో నెల జులై, చివరి 2 ఆ నెలలో ఎన్నో బిల్డ్ అన్నది. సంవత్సరం అక్షరం ఏటా ఒకటి ముందుకి జరుగుతుంది, డబ్ల్యూ 2023, ఎక్స్ 2024, అలా.

వెనక్కి వెళ్ళగలమా లేదా అన్నది ఆ ఐదో స్థానం చెబుతుంది. ఇప్పుడున్నది 3, వేయాలనుకున్న పాతదాంట్లోనూ 3 ఉంటే మామూలుగా ఎక్కుతుంది, ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకటి తక్కువైనా సరే. పాతదాంట్లో 2 ఉంటే ఎక్కదు, ఫర్మ్‌వేర్ ఎక్కించే డౌన్‌లోడ్ మోడ్ తెర మీద ఎర్ర అక్షరాల్లో ఎస్‌డబ్ల్యూ రెవ్ చెక్ ఫెయిల్ అనీ, ఫ్యూజ్డ్ 3, బైనరీ 2 అనీ చూపించి ఆగిపోతుంది. ఆ ఫ్యూజ్డ్ అన్న మాట ఊరికే అన్నది కాదు, చిప్‌లో నిజంగానే ఒక ఫ్యూజ్ కాలుతుంది, తిరిగి అతకదు. ఏ షాపువాడు ఎంత డబ్బు తీసుకున్నా దాన్ని దాటించలేడు, దాటిస్తానంటే నమ్మొద్దు.

అంకె కలిసినా పని తేలిక కాదు. ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి వాడే ఓడిన్ అనే ప్రోగ్రామ్ శాంసంగ్ సర్వీస్ సెంటర్ల కోసం చేసుకున్నది, బయట దొరికేది లీకైన కాపీ. ఫర్మ్‌వేర్ సరిగ్గా అదే మోడల్‌ది, మన దేశపు కోడ్‌ది ఉండాలి, వైఫై మోడల్‌కీ సిమ్ మోడల్‌కీ వేరు. ఓడిన్‌లో బీఎల్ (బూట్‌లోడర్), ఏపీ (సిస్టమ్), సీపీ (మోడెమ్), సీఎస్‌సీ (దేశపు సెట్టింగులు) అని నాలుగు ముఖ్యమైన గళ్ళుంటాయి, నాలుగోదాంట్లో హోమ్ సీఎస్‌సీ పెడితే డేటా ఉంచుతుంది, మామూలు సీఎస్‌సీ పెడితే తుడిచేస్తుంది. అప్‌గ్రేడ్‌కి హోమ్ పెట్టడం సరే, వెనక్కి వెళ్ళేటప్పుడు హోమ్ పెడితే పాత సిస్టమ్ కొత్త డేటాతో కొట్టుకుని లోగో దగ్గర తిరుగుతూ ఉండిపోతుంది. మొదలుపెట్టే ముందు సెట్టింగ్స్‌లోంచి గూగుల్ ఖాతా తీసేయడం మంచిది, లేకపోతే తుడిచాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది, పాస్‌వర్డ్ గుర్తులేనివాడి సంగతి చెప్పక్కర్లేదు. శాంసంగ్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ వేసినంతవరకు నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఫ్యూజ్ కాలదు. బయటి రికవరీలు, కస్టమ్ రామ్‌లు (బయటివాళ్ళు తయారుచేసిన సిస్టమ్‌లు) వేస్తే కాలుతుంది, ఆ తర్వాత సెక్యూర్ ఫోల్డర్ లాంటివి ఆ ట్యాబ్‌లో ఇక ఎప్పటికీ పనిచేయవు.

బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే ఏదైనా వేసుకోవచ్చు కదా అన్న సలహా ఇప్పటికీ తిరుగుతోంది. నెక్సస్ 7 కాలంలో అది మంచి సలహానే. ఇప్పుడు అన్‌లాక్ అయిన ట్యాబ్‌ని పరికరం మార్చకుండా ఉందా అని చూసే గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్ష పట్టేస్తుంది, చాలా బ్యాంకు యాప్‌లు తెరవవు. చాలా మోడళ్ళలో వీడియోల కాపీని అడ్డుకునే వైడ్‌వైన్ రక్షణ స్థాయి ఎల్1 నుంచి ఎల్3కి పడిపోయి ఓటీటీల్లో సినిమా మసకగా, తక్కువ నాణ్యతలో (ఎస్‌డీ) వస్తుంది. సినిమాలు చూడ్డానికే ట్యాబ్ కొన్న ఇంట్లో ఒక యాప్ కోసం ఇది చేయడం అంటే ముందు నుయ్యి వెనక గొయ్యి. షావోమి రెడ్‌మీ నోట్ 5 ప్రో ఫోన్ల విషయంలో 2018లో జరిగింది కూడా గుర్తుంచుకోవాలి, యాంటీ రోల్‌బ్యాక్ సంఖ్య పెరిగిందని చూసుకోకుండా పాత రామ్ వేసినవాళ్ళ ఫోన్లు ఆన్ కాకుండా ఇటుకలైపోయాయి, లేపాలంటే కంపెనీ అనుమతి ఉన్న ఖాతాతోనే లేపాలి.

కంపెనీలు తప్పించుకున్న చోటు

భద్రత కోసం తలుపు మూశారన్న వాదన నిజమే, కానీ పూర్తి నిజం కాదు. తమకి అవసరమైనప్పుడు అదే తలుపు తెరుచుకుంటుంది. 2014 సెప్టెంబరు 24న ఐఓఎస్ 8.0.1 వచ్చి ఐఫోన్ 6లలో సిగ్నల్, టచ్ ఐడీ రెండూ పోగొట్టింది. యాపిల్ గంట గంటన్నరలో అప్‌డేట్ వెనక్కి తీసుకుని, ఐట్యూన్స్ ద్వారా 8.0కి ఎలా వెళ్ళాలో తానే చెప్పింది. సాంకేతికంగా దారి ఉంది, ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో నిర్ణయం మాత్రం కొన్నవాడిది కాదు.

ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2018 అక్టోబరులో యాపిల్‌కి 10 మిలియన్ యూరోలు, శాంసంగ్‌కి 5 మిలియన్ యూరోల జరిమానా వేసినప్పుడు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. శాంసంగ్ మీద కేసు గెలాక్సీ నోట్ 4కి ఇచ్చిన ఆండ్రాయిడ్ మార్ష్‌మల్లో అప్‌డేట్ గురించి. అప్‌డేట్ పాత పరికరాన్ని కుంటుపరిచింది అన్నది ఒక తప్పైతే, వేయించేముందు ఆ సంగతి చెప్పకపోవడం, వేశాక పూర్వపు స్థితికి తెచ్చుకునే దారి ఇవ్వకపోవడం కూడా తప్పే అని ఆ సంస్థ లెక్క. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ వినియోగదారుల శాఖ విచారణ తర్వాత యాపిల్ 25 మిలియన్ యూరోలు కట్టడానికి ఒప్పుకున్న కేసులోనూ పాత వెర్షన్‌కి వెళ్ళలేకపోవడం ప్రస్తావనకి వచ్చింది. ఈ జరిమానాలు ఆ కంపెనీలకి చిల్లరే. కానీ వెనక్కి వెళ్ళడం అన్నది గీకుల సరదా కాదు, కొనుగోలుదారుడి హక్కుకి సంబంధించిన విషయం అని ప్రభుత్వ సంస్థలు రాతపూర్వకంగా అన్నాయి, అది చిల్లర విషయం కాదు.

సర్ఫేస్ లాంటి విండోస్ ట్యాబ్లెట్ చూడండి. పెద్ద వెర్షన్ మార్పు తర్వాత 10 రోజులపాటు సెట్టింగ్స్, రికవరీలో గో బ్యాక్ అన్న బటన్ ఉంటుంది, 2016కి ముందు అది నెల రోజులు ఉండేది. ఫైళ్ళు పోవు. పాత విండోస్ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లో పక్కన పెట్టి ఉంచుతుంది, దానికి జీబీలకి జీబీలు స్థలం తింటుంది, అది నచ్చనివాళ్ళు తిట్టుకుంటారు కూడా. కానీ మైక్రోసాఫ్ట్ చేయగలిగినప్పుడు 256 జీబీ ఐప్యాడ్‌లోనో ట్యాబ్ ఎస్ సిరీస్‌లోనో ఒక వారం గడువు ఎందుకు ఇవ్వలేరు? రంధ్రం ఉన్న బూట్‌లోడర్ అయితే మూసేయండి, ఎవరూ కాదనరు. మెనూల రంగులు మార్చిన అప్‌డేట్‌కి కూడా అదే నియమం పెట్టడం సౌకర్యం కోసమే, వెర్షన్లు తక్కువుంటే కంపెనీకి సపోర్ట్ ఖర్చు తక్కువ. కనీసం ఇన్‌స్టాల్ బటన్ పైన "దీని తర్వాత వెనక్కి రాలేరు" అని ఒక వాక్యం రాయడానికి సాంకేతిక అడ్డంకి ఏమీ లేదు.

ట్యాబ్ మీ చేతిలో లేనప్పుడు

బడి, ఆఫీసు ఇచ్చిన ట్యాబ్లెట్ల సంగతి వేరు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చింది. ఇలా పెద్ద సంఖ్యలో పంచేవాటిని మామూలుగా నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో నడుపుతారు, ఏ యాప్ ఉండాలో, అప్‌డేట్ ఎప్పుడు రావాలో పైనుంచి నిర్ణయిస్తారు. అలాంటి ట్యాబ్‌లో పాఠాల యాప్ అప్‌డేట్ తర్వాత తెరవకపోతే ఇంట్లో ఓడిన్‌తో, రీసెట్‌తో ప్రయోగాలు చేయకూడదు. రీసెట్ చేస్తే నిర్వహణ ప్రొఫైల్, ముందే ఎక్కించిన పాఠాలు పోయి మొదటికే మోసం రావచ్చు.

నిర్వాహకుల దగ్గర మామూలు కొనుగోలుదారుడికి లేని ఒక పనిముట్టు ఉంది. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ అప్‌డేట్‌ని 30 రోజులు వాయిదా వేయొచ్చు, పరీక్షల కాలం లాంటివాటికి 90 రోజుల దాకా పూర్తిగా ఆపి ఉంచొచ్చు. ఐప్యాడ్‌లకీ 90 రోజుల వాయిదా ఉంది. వేలకొద్దీ ట్యాబ్‌లు చూసుకునేవాళ్ళు ముందు పది ట్యాబ్‌లలో కొత్త వెర్షన్ వేసి, తమ యాప్‌లు నడుస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడు మిగతావాటికి వదలాలి. చేయనివాళ్ళ దగ్గరే ఒకే ఉదయం క్లాసు మొత్తం ట్యాబ్‌లు తెల్లమొహం వేస్తాయి.

సొంత ట్యాబ్ ఉన్నవాళ్ళు ఇదే వాయిదాని చేత్తో వేసుకోవచ్చు. ఐప్యాడ్‌లో జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఆటోమేటిక్ ఆపేయడం, శాంసంగ్‌లో వైఫై మీద ఆటో డౌన్‌లోడ్ తీసేయడం, మిగతా ఆండ్రాయిడ్‌లలో డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ టిక్ తీసేయడం. నెలవారీ భద్రతా ప్యాచ్‌ని వెంటనే వేయండి, వాయిదా వేయాల్సింది అంకె మారే పెద్ద అప్‌డేట్‌ని, అది కూడా రెండు మూడు వారాలు, మీరు రోజూ వాడే యాప్‌ల కొత్త వెర్షన్లు వచ్చేదాకా. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు ఐఓఎస్ 14 మీదే ఉండి భద్రతా ప్యాచ్‌లు మాత్రం తీసుకోవచ్చని యాపిల్ అంది, తీరా 2022 జనవరికల్లా ఆ వెసులుబాటు తీసేసి అది తాత్కాలికమే అంది. కాబట్టి ఎవరి మాట మీదా ఏడాదంతా ఆగే ప్లాన్ వేసుకోవద్దు.

ఇప్పటికే అప్‌డేట్ కొట్టేసి, వెబ్‌వ్యూ చూసి, క్యాష్ తుడిచి, యాప్ తీసి మళ్ళీ వేసినా పని జరగకపోతే డెవలపర్‌కి రాయడమే మిగిలింది. "మీ యాప్ చెత్త" అని ఒక్క స్టార్ ఇస్తే ఎవరూ చదవరు. మోడల్ నంబర్, పూర్తి బిల్డ్ నంబర్, ప్యాచ్ నెల, వెబ్‌వ్యూ వెర్షన్, యాప్ వెర్షన్, ఏ తెర మీద ఏం నొక్కితే ఆగిపోతోంది, ఇవన్నీ ఒక మెయిల్‌లో రాస్తే అవతలివాడు తన దగ్గర అదే తప్పుని పుట్టించి చూడగలడు. అదే మోడల్, అదే బిల్డ్ నుంచి ఇంకో నలుగురు రాస్తే పరిష్కారం తర్వాతి యాప్ అప్‌డేట్‌లోనే వచ్చే అవకాశం చాలా ఎక్కువ.